పద్నాలుగు నుంచి పదిహేడు దాకా

రంగు ఇంకా ఆరకముందే లేసియేలీ పిన్ని పెంచే ఎర్రకోడి నారబట్ట మీదుగా నడిచి వెళ్లింది. సరిగ్గా పదహారో గడి మీద. ముందు మూడు వేళ్లు, వెనక ఒక చిన్న గీత. ఇరవై మంది ఆడవాళ్లం వారం రోజులు నడుములు వంచి అతికిన బట్ట అది. అయినా ఎవరికీ కోపం రాలేదు. ముందు నవ్వొచ్చింది.

“మనతోపాటు తనూ ఒక చెయ్యి వేద్దామనుకుంది పాపం,” అంది మా మేనత్త అకోసీత. “చేతులు లేవుగా, కాలు వేసింది.”

“ఆదివారం కుండలో వేస్తాను దాన్ని,” అంది లేసియేలీ పిన్ని.

గది లోపల చాప మీద పడుకుని ఉన్న మాలియా ముసలమ్మకు ఆ నవ్వులు వినిపించాయి. ఆమె లేసియేలీ పిన్ని తల్లి. చూపు పోయి నాలుగేళ్లు. ఏమిటా గోల అని అడిగింది. చెప్పాం. నేను ఆ గుర్తు మీద ఆకు బొమ్మ వేసి కప్పేద్దామని కుంచె ముంచాను.

“ఉండనివ్వండే,” అంది ముసలమ్మ. “నేను మట్టిలో పడుకున్నాక ఆ కడపటి పొద్దున నన్ను లేపడానికి ఒక కోడి ఉండాలిగా.”

ఆ బట్ట ఆమె కోసమే. మా వవాఉ దీవిలో మనిషి పుట్టినా పోయినా ఒంటి కింద నారబట్ట ఉండాలి. లేకపోతే ఆ మనిషికి ఎవరూ లేరని లెక్క. లేసియేలీ పిన్నికి మొగుడు లేడు. చేపలకు వెళ్లి తిరిగిరాలేదు. కొడుకులు లేరు, పొలం లేదు. మా అత్త పొలం మూల కాస్త చోటిస్తే అక్కడ నారచెట్లు పెంచింది. రెండేళ్లపాటు రోజూ బెరడు ఒలిచింది, గీకింది, నానబెట్టింది, దుంగ మీద పరిచి కర్రసుత్తితో కొట్టింది. అతకడానికి, రంగు వేయడానికి మాత్రమే మమ్మల్ని పిలిచింది. కొట్టిన ప్రతి రేకూ తల్లి చేతికి ఇచ్చేది. ముసలమ్మ వేళ్లతో తడిమి, “ఇక్కడ మందంగా ఉంది, మళ్లీ కొట్టు,” అనేది. పిన్ని మళ్లీ కొట్టేది.

బట్ట పొడవును మేం గడుల్లో లెక్కపెడతాం. అంచు వెంట గడి గడికీ అంకె వేసేది నేను. ఊరి బడిలో చదువుకున్నాను, రాత గుండ్రంగా ఉంటుంది. మా ఊళ్లో ఏ ఇంటి బట్ట మీదైనా అంకెలు నావే. ఏడు అంకెకి నడుము మీద అడ్డగీత పెట్టడం మా పంతులమ్మ నేర్పింది. ఈ బట్టకు ఒకటి నుంచి యాభై దాకా వేశాను. యాభై గడుల బట్ట మా ఊళ్లో చాలా ఏళ్లుగా ఎవరూ చేయలేదు.

అది ఆరి, చుట్ట చుట్టి పెట్టిన మూడో రోజున మా అన్న వచ్చాడు.

మా అన్న పేరు కిటియోనే, ఊరి చర్చి సంఘపెద్ద. చర్చిలో ఇంటింటి పేరూ పిలిచి ఎవరేమి ఇచ్చారో మైకులో చదివేది అతనే. మాలో పెద్దయ్యాక అన్నాచెల్లెళ్లు ఒకే గదిలో కూర్చోరు, ఎదురుపడి వాదించుకోరు. అతను పిన్ని వాకిట్లోకి రాగానే నేను లేచి వంటపాక వెనక్కి వెళ్లాను. అక్కణ్నుంచి అన్నీ వినపడతాయి.

“పిన్నీ, దేవుడి పని మీద వచ్చాను,” అన్నాడు.

“దేవుడి పని మీద వచ్చినవాళ్లు ఉత్త చేతులతో ఎక్కడికి వెళ్తారులే. కూర్చో బాబూ,” అంది పిన్ని.

కొత్త చర్చి ప్రారంభోత్సవం శనివారం. రాజధాని నుంచి సంఘాలన్నిటికీ పెద్దాయన పడవ మీద వస్తున్నాడు. రేవు నుంచి చర్చి గడప దాకా నారబట్టలు పరవాలి. ఇంటికొక బట్ట అని పెద్దలు తీర్మానించారు.

“ఆయన కాలికి మట్టి అంటకూడదు పిన్నీ. మన ఊరి పరువు.”

“బూట్లు వేసుకోడా ఆయన?” అని అడిగింది మా అత్త. ఆమె అక్కడే దుంగ మీద కూర్చుని ఉంది.

“వేసుకుంటాడత్తా.”

“అయితే మట్టి అంటేది బూటుకేగా. బూటుకి పరువేమిట్రా?”

“నువ్వు పెద్దదానివి, నువ్వేమన్నా పడతాను,” అన్నాడు అన్న. గొంతులో నవ్వు ఉంది. తర్వాత పిన్ని వైపు తిరిగాడు కాబోలు, గొంతు మారింది. “నీ బట్ట అందరికంటే ముందు, రేవు మెట్ల దగ్గరే వేయిస్తాను. యాభై గడులంటే మాటలా!”

“అది అమ్మ కోసం బాబూ. అమ్మ ఎన్నాళ్లో ఉండదు.”

“ముసలమ్మకేం, ఇంకో పదేళ్లుంటుంది. ఈలోగా ఇంకోటి చేసుకోలేవా? దేవుడికిచ్చింది ఆయన ఊరికే ఉంచుకోడు పిన్నీ, తిరిగి ఇస్తాడు.”

పిన్ని కర్రసుత్తి కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

“సరే, నీ ఇష్టం. బలవంతమేమీ లేదు,” అన్నాడు. “కానీ శనివారం మైకులో నేనేమని చదవను? ‘లేసియేలీ ఇంటి నుంచి’ అని ఆగిపోయి తర్వాతి పేరు చదవమంటావా? ఊరంతా వింటుంది. పడవలో వచ్చినవాళ్లూ వింటారు.”

వంటపాక వెనక నా చేతిలో ఒక కొబ్బరిపుల్ల ఉంది. దాన్ని చిన్నచిన్న ముక్కలుగా విరుస్తూ నిలబడ్డాను. బయటికి వచ్చి, అన్నా ఇది తప్పు అనాలి. అనలేదు. ఆడపిల్ల అన్నకు ఎదురు చెప్పదు అనుకున్నాను. అది మర్యాద కావచ్చు. ఆ రోజు మాత్రం నాకది దాక్కోవడానికి పనికొచ్చింది.

ఆ సాయంత్రం నలుగురు మగవాళ్లు వచ్చి చుట్టను భుజాలకెత్తుకుని వెళ్లారు. మా అత్త కూడా తన ఇరవై గడుల బట్ట ఇచ్చింది, తిట్టుకుంటూనే. ఊళ్లో ఏ ఇంట్లోనూ చెప్పుకోదగ్గ బట్ట మిగల్లేదు.

శనివారం బ్యాండు మోగింది. ముందురోజు వాన కురవడంతో రేవు దగ్గరి ఎర్రమట్టి పేస్టులా ఉంది. పెద్దాయన పడవ దిగి పిన్ని బట్ట మీద కాలు పెట్టాడు. నెమ్మదిగా, నవ్వుతూ నడిచాడు. ఎవరో ఫోటో అని పిలిస్తే బట్ట మీంచి పక్కకు దిగి, పిల్లల మధ్య నిలబడి ఫోటో తీయించుకుని మళ్లీ బట్ట ఎక్కాడు. ఎక్కిన చోట ఎర్రటి బూటు అచ్చు పడింది. నేను అంచున నిలబడి ఉన్నాను. పదిహేనో గడి. పక్క గడిలో కోడి అడుగు.

పెద్దాయన మంచివాడో కాదో నాకు తెలియదు. ఆయన కింద చూడలేదు, అంతే.

మా అన్న మైకులో “లేసియేలీ ఇంటి నుంచి యాభై గడులు!” అని చదివినప్పుడు అందరూ తిరిగి పిన్నిని చూశారు. పిన్ని తల దించుకుంది. కాల్చిన పందులు, పెండలం, సీమపనస, కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు, అన్నీ వరసగా వడ్డించారు. పిన్ని తినకుండా ఒక ఆకులో కాస్త చుట్టి ముసలమ్మకు తీసుకుపోయింది. సాయంత్రం బట్టలు చాలామటుకు కానుకలుగా పడవెక్కాయి. మిగిలినవి సంఘం సొత్తు, సంఘపెద్ద దగ్గర భద్రంగా ఉంటాయని చెప్పారు.

మర్నాటి నుంచి ముసలమ్మ అడగడం మొదలుపెట్టింది. “బట్ట ఏదే? ఒకసారి చేతికివ్వు.”

“ఎండకు వేశానమ్మా,” అనేది పిన్ని.

రెండో రోజూ అదే మాట, మూడో రోజూ అదే మాట. నాలుగో రోజున పైకప్పు రేకుల మీద వాన దడదడలాడుతోంది. నేను అక్కడే ఉన్నాను, కట్టెలివ్వడానికి వెళ్లాను.

“బట్ట ఏదే?”

“ఎండకు వేశానమ్మా.”

ముసలమ్మ కాసేపు వాన చప్పుడు వింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. రెండో వారం గురువారం పోయింది.

శవానికి కొబ్బరినూనె రాసి, రెండు పాత మొగలి చాపల మీద, కొట్లో కొన్న పూల దుప్పటి పరిచి పడుకోబెట్టాం. ఆ దుప్పటి మీద గులాబీలు అచ్చువేసి ఉన్నాయి. ఊరి ఆడవాళ్లు నల్లబట్టలు కట్టుకుని, చావింటి ఆనవాయితీ ప్రకారం నడుముకు చిరుగుల చాపలు చుట్టుకుని వచ్చారు. తెచ్చినవి తెచ్చినట్టు చేతికిస్తూ, “ఇంతే ఉంది లేసీ, ఏమనుకోకు,” అన్నారు. ఒకరు అర గడి ముక్క తెచ్చారు. ఒకరు పాత బట్ట, చిల్లులు పడ్డది. తలుపు దగ్గర కూర్చున్న మా అత్త ఏమీ మాట్లాడడం లేదు. ఆమె మాట్లాడకపోతే నాకు భయం.

మధ్యాహ్నం సంఘం వచ్చింది. ముందు పాస్టరుగారు, ఆయన పక్కన మా అన్న, వెనక మా వదిన పేలే, ఇంకొందరు ఆడవాళ్లు. మా వదిన టౌనులో పెరిగిన మనిషి. నారబట్ట కప్పుకోవడమే తప్ప కొట్టడం తెలియదు.

“మన సోదరి లేసియేలీ దుఃఖంలో సంఘం పాలుపంచుకుంటోంది,” అన్నాడు మా అన్న. “సంఘం తన సొత్తులోంచి ఈ బట్టను కానుకగా ఇస్తోంది. నాలుగు గడులు.”

నలుగురు ఆడవాళ్లు బట్ట విప్పి పట్టుకున్నారు.

అంచున అంకెలున్నాయి. పద్నాలుగు, పదిహేను, పదహారు, పదిహేడు. ఏడు నడుము మీద అడ్డగీత. పదిహేనులో ఎండిపోయిన ఎర్రమట్టి బూటు. పదహారులో మూడు వేళ్ల కోడి అడుగు.

ఇంట్లో ఇరవై మంది ఆడవాళ్లం ఉన్నాం. అందరం ఒకేసారి చూశాం. వాళ్లు మరకపడ్డ ముక్కను కత్తిరించి తెచ్చారు. బాగున్న ముక్కలోంచి ఇవ్వడానికి కూడా మనసు రాలేదు.

లేసియేలీ పిన్ని తల్లి పక్కనుంచి లేచింది. బూటు అచ్చును చూసింది, కోడి అడుగును చూసింది. కానుక తెచ్చినవాళ్లకు కృతజ్ఞత చెప్పాలి కదా. చేతులు ముందు కట్టుకుని, తల వంచి, “సంఘానికి ధన్యవాదాలు. మా స్థోమతకు మించిన కానుక ఇది,” అంది. గొంతు వణకలేదు. ఆమె గొంతు వణికి ఉంటే నేను తట్టుకునేదాన్నేమో.

నేను వంగి మా అత్త చెవిలో చెప్పాను. “అత్తా, పద్నాలుగు నుంచి పదిహేడు దాకా.”

“చూశాను. రాసింది నువ్వేగా?”

“నేనే.”

“ఎంత దాకా రాశావు?”

“యాభై దాకా.”

“అయితే లే,” అంది మా అత్త. చెయ్యి నా భుజం మీద వేసి లేచింది. ఇంకో ముగ్గురు ఆడవాళ్లను వేలితో చూపించింది. వాళ్లూ లేచారు.

మా అన్న ఇల్లు చర్చి పక్కనే, సిమెంటు ఇల్లు. మేం సగం దారిలో ఉండగానే అన్న వెనక పరుగెత్తుకొచ్చాడు. మెడలో టై పక్కకు తిరిగిపోయింది.

“అత్తా! శవం దగ్గరనుంచి లేచి రావడమేమిటి? ఎక్కడికి?”

“నీ ఇంటికేరా. మేనత్త మేనల్లుడి ఇంటికి వెళ్లకూడదా?”

అతను ఏం చెప్పగలడు? మాలో మేనత్త మాటకు అడ్డు లేదు. మేనల్లుడి ఇంట్లో ఆమె వేలు చూపించినదల్లా ఆమెదే. మా అన్న సంఘానికి పెద్ద కావచ్చు, ఊరికి పెద్ద కావచ్చు. అకోసీత అత్త ముందు మాత్రం అతను ముక్కు కారుతున్న పిల్లవాడే.

అత్త తిన్నగా పడగ్గదిలోకి వెళ్లింది. నేను అన్న పడగ్గదిలో అడుగుపెట్టకూడదు. గడప బయట నిలబడ్డాను.

“అబ్బో,” అంది అత్త లోపల. “ఈ మంచమెక్కడానికి నిచ్చెన వేసుకుంటున్నారా ఏమిట్రా? పోయిన నెల ఇంత ఎత్తు లేదే!”

ముగ్గురు ఆడవాళ్లు పరుపు ఎత్తారు. కింద పరిచి ఉన్న బట్టల మడతలు ఒక్కొక్కటే లాగారు.

“అత్తా, ముట్టుకోకు,” అన్నాడు అన్న వరండాలోంచి. “అది దేవుడి సొత్తు.”

అత్త గుమ్మంలోకి వచ్చింది. చాలా మెల్లగా మాట్లాడింది.

“దేవుడి సొత్తు నీ పరుపు కింద ఏం చేస్తోందిరా?”

“భద్రంగా—”

“అంత పెద్ద మందిరం కట్టారుగా ఆయనకి. ఊళ్లో ఆడవాళ్ల కాళ్ల కింది చాపలు కూడా లాగేసి కట్టారుగా. అందులో ఒక బట్ట పెట్టుకునే చోటు లేదా ఆయనకి? నీ వీపు కిందే పెట్టమన్నాడా? చెప్పరా. ఇది దేవుడిదంటే మందిరంలో ఉండాలి. నీదంటే నేను నీ మేనత్తని, నిన్ను అడగక్కర్లేదు, పట్టుకుపోతాను. ఎవరిది? ఒక్క మాట చెప్పు.”

మా అన్న టై సరిచేసుకున్నాడు. దేవుడిదని ఇంకోసారి అనలేకపోయాడు. నాదని అనడానికి నోరు రాలేదు.

“చదువు లూసే,” అంది అత్త.

నా పేరు అదే. ఆడవాళ్లు బట్టను గడప మీదుగా బయటికి లాగుతున్నారు. అంచు నా పాదాల ముందు నుంచి వెళ్తోంది. అన్న నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. నా చిన్నప్పటి నుంచి అతని ఎదుట గట్టిగా ఒక మాట పలకలేదు.

“ఒకటి,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. “రెండు. మూడు.”

పదమూడు తర్వాత కత్తెర అంచు వచ్చింది. వంకరగా కోశారు. ఆ పైన రెండో ముక్క మొదలైంది. “పద్దెనిమిది,” అన్నాను. యాభై దాకా చదివాను, ఒక్కటీ వదలకుండా. మరకపడిన ఆ నాలుగూ తప్ప అన్నీ పరుపు కిందే ఉన్నాయి.

“దాని కింద ఇంకోటి ఉంది అకోసీతా,” అంది లోపలినుంచి ఒకామె. “ఇరవై గడులు.”

అత్త తొంగి చూసింది. “అది నాదే. దాని సంగతి తర్వాత చూస్తాను.”

బట్టను భుజాల మీద వేసుకుని రోడ్డు మధ్యలోంచి నడిచాం. పాస్టరుగారు అప్పటికే తిరిగొచ్చి చర్చి మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

“అకోసీతా, ఇది పద్ధతేనా?” అన్నాడు.

“కాదు పాస్టరుగారూ. ఈ బట్ట విషయంలో ఇప్పటిదాకా పద్ధతిగా జరిగింది ఏదైనా ఉంటే చెప్పండి, అది చేస్తాం.”

మేం ఆగలేదు.

మేం పిన్ని ఇంటికెళ్లి ముసలమ్మ పక్కన బట్ట దించగానే లేసియేలీ పిన్ని వెనక్కి జరిగింది. ముట్టుకోలేదు.

“వద్దు అకోసీతక్కా. ఇచ్చేశాను. దేవుడికిచ్చింది మళ్లీ తీసుకుంటే ఎలా?”

ఆమె నిజంగానే అంది. ఇంత జరిగాక కూడా ఆమెకు ఇచ్చిన మాటే పెద్దది. మా అన్నకు ఆ బట్టలో నునుపు కనపడింది కానీ ఇది కనపడలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మా అత్త ఆమె పక్కన చతికిలబడింది. “నువ్వు ఇచ్చావు లేసీ, కాదన్నదెవరు? ఆయనకి చేరలేదు. దారిలో ఆగిపోయింది. మీ అమ్మ ఎలాగూ అటే వెళ్తోంది. తీసుకెళ్లి ఇస్తుందిలే.”

పిన్ని అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్లూ దాచుకున్న ఏడుపు.

కర్రపెండలం జావ కాచి, పదమూడుకీ పద్నాలుగుకీ మధ్య, పదిహేడుకీ పద్దెనిమిదికీ మధ్య అతుకులు వేశాం. కత్తెర వంకరగా పోయి నా పదిహేడులో ఏడు తోక తెగింది. రంగు కలిపి మళ్లీ గీశాను. పదిహేనులో మట్టి మరకను తుడుద్దామని తడిగుడ్డ తీసుకుంటే పిన్ని నా మణికట్టు పట్టుకుంది.

“ఉంచు,” అంది. “ఈ అడుగు ఎవరిది అని ఆయన అడిగితే అమ్మ చెప్తుంది.”

గులాబీల దుప్పటి తీసేశాం. కోడి అడుగు ముసలమ్మ చెవి దగ్గరికి వచ్చేట్టు బట్ట మడతలు సర్దాం. పిన్ని తల్లి చెయ్యి పట్టుకుని ఆ వేళ్లను బట్ట మీద ఒకసారి రుద్దింది. “ఇదిగోనమ్మా. ఆరింది,” అంది.

శుక్రవారం పొద్దున పాతిపెట్టాం. పాస్టరుగారు ప్రార్థన చదివాడు. సంఘపెద్ద ఆమెన్ చెప్పాలి కాబట్టి మా అన్న కూడా వచ్చాడు, నల్లకోటు వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా. జనంలోంచి దారి చేసుకుంటూ సమాధి అంచుకు, నేను నిలబడ్డ చోటికి వచ్చాడు. అతను వస్తుంటే ఎప్పుడూ నేను పక్కకు జరుగుతాను.

నేను జరగలేదు. అతనే చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్లి నిలబడ్డాడు.